ఫిలిం రీలులో దాక్కున్న కొస

పూర్తిగా వెనక్కి చుట్టేసిన కెమెరా రీలు నుంచి, లోపలి బొమ్మలకు వెలుగు తగలకుండా కొసను బయటికి తీయవచ్చా?

మరమగ్గం నడిపేవారికి ఒక చిక్కు బాగా తెలుసు. నిండు కండెలో పోగు తెగి, దాని కొస చుట్ల మధ్యకు పోతుంది. కండె నిండా నూలు ఉంటుంది కానీ పట్టుకోవడానికి కొస కనిపించదు. అది దొరికేదాకా ఆ నూలంతా ఉన్నా లేనట్టే. తాపీ నది ఒడ్డున ఉన్న సూరత్ మన దేశంలో కృత్రిమ నూలు బట్టలకు పెద్ద కేంద్రం. తెలంగాణ జిల్లాల నుంచి తరాలుగా వలస వెళ్లిన నేత కుటుంబాలు అక్కడ స్థిరపడ్డాయి. లింబాయత్ వంటి పేటల్లో తెలుగు వినిపిస్తుంది. నగరపాలక సంస్థ బడుల్లో తెలుగు మాధ్యమం కూడా ఉంది. కండెలో కొస వెతకడం ఆ మగ్గాల దగ్గర పనిచేసేవారికి రోజువారీ పని.

సరిగ్గా ఇలాంటి చిక్కే ఫిలిం కెమెరాలు వాడేవారికీ వస్తుంది. రీలును వెనక్కి చుట్టేటప్పుడు ఒక్క క్షణం ఎక్కువ తిప్పితే, ఫిలిం కొస డబ్బా లోపలికి పోతుంది. బయట ఏమీ మిగలదు. అయితే నూలుకూ ఫిలింకూ ఒక పెద్ద తేడా ఉంది. నూలు కొసను దీపం కింద పెట్టి వెతకవచ్చు. ఫిలిం డబ్బాను వెలుతురులో తెరిచామంటే కొస దొరుకుతుంది కానీ ఫొటోలు పోతాయి. అందువల్ల కంటితో చూడకుండా, చెవితోనూ చేతి స్పర్శతోనూ ఆ కొసను వెతకాలి. ఫిలిం చుట్ట లోపల ఏయే బలాలు పనిచేస్తున్నాయో తెలిస్తే ఇది సాధ్యమే. ఎప్పుడు ప్రయత్నించకూడదో కూడా ఆ బలాలే చెబుతాయి.

డబ్బాలో ఏముంది?

మనం మామూలుగా రీలు అని పిలిచే ఈ డబ్బా 1934లో కొడాక్ సంస్థ తన రెటీనా కెమెరాతో పాటు తెచ్చిన నమూనా. ఫిలిం వెడల్పు 35 మిల్లీమీటర్లు. ఒక్కో బొమ్మ 24 మిల్లీమీటర్ల ఎత్తు, 36 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది. రెండంచుల వెంట 4.75 మిల్లీమీటర్లకు ఒకటి చొప్పున రంధ్రాలు ఉంటాయి. ఒక్కో బొమ్మకు ఎనిమిది రంధ్రాలు, అంటే 38 మిల్లీమీటర్ల ఫిలిం. ఈ లెక్కన 36 బొమ్మలకు సుమారు 1.37 మీటర్లు కావాలి. మొదటా చివరా వదిలే భాగం కలుపుకుంటే మొత్తం 1.6 మీటర్లు దాటుతుంది. ఇంత పొడవు ఫిలిం బొటనవేలంత డబ్బాలో 30కి పైగా చుట్లుగా ఒదిగి ఉంటుంది.

ఫిలిం రెండు ముఖ్యమైన పొరల పదార్థం. ఆధారంగా ఉండేది పారదర్శకమైన ప్లాస్టిక్ పట్టీ. ఎక్కువ ఫిలింలలో అది సెల్యులోజ్ ట్రైఅసిటేట్, కొన్నింటిలో పాలియెస్టర్. దానిమీద జెలటిన్ పూత ఉంటుంది. ఆ జెలటిన్‌లో కాంతికి స్పందించే సిల్వర్ హాలైడ్ స్ఫటికాలు చెదిరి ఉంటాయి. చుట్టినప్పుడు జెలటిన్ వైపు ఎప్పుడూ లోపలికి, ఇరుసు వైపు ఉంటుంది.

డబ్బాకు ఒక సన్నని చీలిక ఉంటుంది. దాని రెండు పెదవులకూ నల్లటి ముఖమల్ గుడ్డ అంటించి ఉంటుంది. ఫిలిం ఆ గుడ్డ మధ్య నుంచి జారుతుంది, వెలుగు మాత్రం దాని నూగులో చిక్కుకుని ఆగిపోతుంది. ఫిలిం మొదటి భాగాన్ని సగం వెడల్పుకు కత్తిరించి నాలుకలా ఉంచుతారు. దీన్నే లీడర్ అంటారు. కెమెరాలో ఎక్కించేటప్పుడు ఎలాగూ వెలుగు తగిలే భాగం కాబట్టి దానిమీద బొమ్మలు ఉండవు. మనం వెతుకుతున్న కొస ఇదే. ఇది వెలుగులోకి వచ్చినా నష్టం లేదు. దాని వెనకున్న ఫిలింకు వెలుగు తగిలితేనే నష్టం.

కనిపించని బొమ్మ

వెలుగు తగిలితే పోయేది ఏమిటి? ఫొటో తీసిన వెంటనే ఫిలిం మీద కంటికి ఏమీ కనిపించదు. కాంతి పడ్డ స్ఫటికాల్లో కొద్దిపాటి వెండి అయాన్లు వెండి పరమాణువులుగా మారి ఒక్క చోట గుమిగూడతాయి. కొన్ని పరమాణువుల ముద్ద ఉంటే చాలు, ఆ స్ఫటికం మీద కాంతి పడిందని గుర్తు పడినట్టే. ఈ గుర్తులన్నిటి సముదాయమే గుప్త బింబం. ఇది ఎలా ఏర్పడుతుందో 1938లో రొనాల్డ్ గర్నీ, నెవిల్ మాట్ అనే శాస్త్రవేత్తలు వివరించారు. ఫిలింను కడిగేటప్పుడు డెవలపర్ ద్రావణం గుర్తు పడిన స్ఫటికాలను పూర్తిగా వెండిగా మారుస్తుంది. ఆ కొద్ది పరమాణువుల గుర్తు కోట్లాది రెట్లు పెరిగి కంటికి కనిపించే బొమ్మ అవుతుంది.

కడగని రీలు ఎంత సున్నితమైనదో దీన్నిబట్టి తెలుస్తుంది. కడగకముందు ఒక్క క్షణం పగటి వెలుగు తగిలినా అన్ని స్ఫటికాలకూ గుర్తు పడుతుంది, అసలు బొమ్మ ఆ వెల్లువలో కలిసిపోతుంది. కొన్ని బొమ్మలను మళ్లీ తీయడం కుదరదు కూడా. 2009 జులై 22 నాటి సంపూర్ణ సూర్యగ్రహణాన్నే తీసుకోండి. దాని నీడ దారి ఖంభాత్ సింధుశాఖ దగ్గర మొదలై, సూరత్ మీదుగా దేశంలోకి ప్రవేశించింది. సూర్యోదయమైన కాసేపటికే సూరత్‌లో మూడు నిమిషాలకు పైగా సంపూర్ణ గ్రహణ సమయం వచ్చింది. భూమి మీద ఏ ఒక్క చోటైనా సంపూర్ణ సూర్యగ్రహణం రావడం సగటున 375 ఏళ్లకోసారి. అప్పటికి డిజిటల్ కెమెరాలు వచ్చినా, ఇళ్లలో ఫిలిం కెమెరాలు ఇంకా ఉన్నాయి. గ్రహణమే కానక్కర్లేదు. ఒక పెళ్లి, ఇప్పుడు లేని ఒక తాతయ్య ముఖం, పడగొట్టేసిన ఒక ఇల్లు, వీటిలో ఏది ఉన్న రీలుకైనా ఇదే మాట వర్తిస్తుంది.

కొస చెప్పే సంగతి

కొసను బయటికి తీసేముందు ఒక ప్రశ్న వేసుకోవాలి. అది లోపలికి ఎందుకు పోయింది?

ఫొటోగ్రాఫర్ల మధ్య ఒక వాడుక ఉంది. కొస బయట ఉంటే అది కొత్త రీలు. కొస లోపల ఉంటే అది వాడిన రీలు. 1980ల తర్వాత వచ్చిన మోటారు కెమెరాల్లో చాలావరకు రీలు పూర్తికాగానే వాటంతటవే కొసతో సహా లోపలికి చుట్టేసేవి. వాడిన రీలును మరచిపోయి మళ్లీ కెమెరాలో ఎక్కిస్తే ఒక బొమ్మ మీద ఇంకో బొమ్మ పడి రెండూ పాడవుతాయి. కొస లేని రీలును ఎక్కించడమే కుదరదు కాబట్టి ఆ పొరపాటు జరగదు. కాబట్టి కొసను బయటికి తీసిన మరుక్షణం ఆ రక్షణ పోతుంది. డబ్బా మీద పెన్నుతో ‘వాడినది’ అనో, ఎన్ని ఫొటోలు తీశారో ఆ సంఖ్యో వెంటనే రాయాలి.

1996లో వచ్చిన ఏపీఎస్ అనే పద్ధతి ఈ చిక్కును మూలం నుంచే తీసేసింది. అందులో బయటికి వేలాడే కొసే లేదు. ఇరుసును తిప్పితే డబ్బా తనంతట తానే ఫిలింను బయటికి నెట్టేది. రీలు కొత్తదా, సగం వాడినదా, పూర్తిగా వాడినదా, కడిగినదా అని చెప్పడానికి డబ్బా మీద నాలుగు గుర్తులు ఉండేవి. డిజిటల్ కెమెరాల రాకతో ఆ పద్ధతి నిలవలేదు. 2011లో దాని ఫిలిం తయారీ ఆగిపోయింది. పాత 35 మిల్లీమీటర్ల డబ్బా మాత్రం ఇప్పటికీ తయారవుతోంది, దానితోపాటు కొస చిక్కూ మిగిలింది.

కొసను బయటికి తీయాల్సిన అవసరం మూడు సందర్భాల్లో వస్తుంది. సగం వాడిన రీలును తీసేసి మరో రకం ఫిలిం ఎక్కించి, తర్వాత మొదటిదాన్ని మళ్లీ వాడాలనుకున్నప్పుడు ఒకటి. కొత్త రీలు కొస పొరపాటున లోపలికి పోయినప్పుడు రెండోది. ఫిలింను కడగడానికి సిద్ధం చేసేటప్పుడు మూడోది. ల్యాబుల్లోని యంత్రాల్లో ఫిలిం కొసను ఒక ప్లాస్టిక్ పట్టీకి అతికించి లోపలికి పంపుతారు. ఇంట్లో కడిగేవారికి కొస బయట ఉంటే, చీకట్లోకి వెళ్లకముందే దాన్ని చక్కగా కత్తిరించుకోవచ్చు.

చుట్ట ఒక స్ప్రింగ్

డబ్బా లోపలి ఫిలిం చుట్ట నిశ్చలంగా ఉన్నట్టు కనిపించినా అది బిగబట్టిన స్ప్రింగ్. చదునుగా తయారైన పట్టీని సన్నని ఇరుసు చుట్టూ వంచితే, అది మళ్లీ చదును కావాలని బయటికి తన్నుతుంది. గోడ గడియారానికి కీ ఇచ్చినప్పుడు లోపలి ఉక్కు పట్టీలో శక్తి నిలవ ఉండేది ఇలాగే. పట్టీ మందం పెరిగేకొద్దీ దాని బిరుసుదనం ఘనపు లెక్కలో పెరుగుతుంది. మందం రెట్టింపైతే వంచడానికి ఎనిమిది రెట్ల బలం కావాలి. ఫిలిం ఆధారపు పొర సుమారు 0.12 మిల్లీమీటర్లు. వేలితో సులువుగా వంగేంత పలుచన, అయినా విచ్చుకునేంత బిరుసు.

దీనివల్ల మనకు రెండు లాభాలు. ఇరుసును చుట్టుకునే దిక్కులో తిప్పితే చుట్ట బిగుసుకుని గోడలకు దూరమవుతుంది. విప్పుకునే దిక్కులో తిప్పితే చుట్ట వదులై డబ్బా గోడలకు ఆనుకుంటుంది. అంటే లోపలి చుట్ట ఎక్కడ ఉండాలో బయటినుంచే మనం నిర్ణయించగలం. ఇది మొదటి లాభం. రెండోది, కొస ఎప్పుడూ బయటికే విచ్చుకోవాలని చూస్తూ గోడను రాసుకుంటూ తిరుగుతుంది. చీలిక దగ్గరకు రాగానే అక్కడ గోడ ఉండదు కాబట్టి కాస్త లేచి, దాటగానే టక్కుమని పడుతుంది. డబ్బాను చెవి దగ్గర పెట్టుకుని ఇరుసును మెల్లగా తిప్పితే ఒక్కో చుట్టుకు ఒక్కోసారి ఈ చిన్న చప్పుడు వినిపిస్తుంది. చీకట్లో ఉన్న కొస తన చిరునామా చెప్పడమంటే ఇదే.

గుంజకు చుట్టిన పలుపు

చుట్ట విప్పే దిక్కులో ఇరుసును తిప్పుతూ పోతే కొస దానంతట అదే బయటికి రాదా? ఏపీఎస్ డబ్బాలో వస్తుంది, ఎందుకంటే అందులో చుట్ట విచ్చుకోకుండా అంచుల దగ్గర పట్టి ఉంచే ఏర్పాటు ఉంది. మామూలు డబ్బాలో చుట్ట ముందు వదులై గోడలకు ఆనుకుంటుంది. అక్కడి ఘర్షణకు తోడు ముఖమల్ పెదవులు కొసకు అడ్డు పడతాయి. ఇరుసు తిరిగినా ఆ కదలిక లోపలి చుట్లు సర్దుకోవడానికే ఖర్చవుతుంది.

బిగిసిన చుట్టను కదల్చడం మరీ కష్టం. మొండి ఎద్దును ఆపాలంటే పలుపును గుంజకు రెండు మూడు చుట్లు చుడతారు. ఒక చేత్తో కొసను పట్టుకున్నా చాలు, ఎద్దు కదల్లేదు. ఆయిలర్, ఐటెల్‌వైన్ అనే యూరప్ శాస్త్రవేత్తలు దీన్ని లెక్కలో పెట్టారు. చుట్టు పెరిగిన ప్రతిసారీ పట్టు కూడిక లెక్కన కాక గుణకార లెక్కన పెరుగుతుంది. ఘర్షణ గుణకం 0.2 అనుకుంటే, ఒక్క చుట్టుకు పట్టు 3.5 రెట్లు. రెండు చుట్లకు 12 రెట్లు. మూడు చుట్లకు 43 రెట్లు. ఫిలిం డబ్బాలో ఉన్నవి 30కి పైగా చుట్లు. బిగిసిన చుట్ట పొరలు ఒకదాన్నొకటి ఎంత గట్టిగా పట్టుకుంటాయో ఊహించవచ్చు.

అందుకే బిగించి ఉన్న రీలు కొసను బలవంతంగా లాగకూడదు. పొరలు జారక తప్పని పరిస్థితి వస్తే, వాటి మధ్య చిక్కిన దుమ్ము రేణువులు జెలటిన్ మీద గీతలు పెడతాయి. అలాగని ఇరుసును అదేపనిగా గట్టిగా బిగించి తిప్పినా ఇదే నష్టం. చేయాల్సింది చుట్టను కాస్త వదులు చేసి, పై చుట్టును మాత్రమే కదల్చడం.

కొసను పట్టే పద్ధతులు

మొదటిది రెండు నాలుకల పనిముట్టు. ఫిలిం పికర్ అని అమ్మే ఈ వస్తువులో పలుచని లోహపు లేదా ప్లాస్టిక్ పలకలు రెండు ఒకదానిమీద ఒకటి జారుతుంటాయి. వాటిని ముఖమల్ చీలికలోంచి లోపలికి దూర్చి, ఇరుసును చుట్టుకునే దిక్కులో మెల్లగా తిప్పాలి. కొస పలక అంచును దాటినప్పుడల్లా టక్కుమనే చప్పుడు వస్తుంది. రెండు మూడుసార్లు విని, చప్పుడు వచ్చిన చోట ఆపి, రెండో పలకను లోపలికి నెట్టాలి. దాని చివర ఉన్న చిన్న పళ్లు ఫిలిం రంధ్రాల్లో చిక్కుకుంటాయి. ఇప్పుడు ఇరుసును కాస్త వదులుచేస్తూ రెండు పలకలనూ కలిపి బయటికి లాగితే వాటితోపాటు కొస వస్తుంది. చుట్టుకునే దిక్కు ఏదో తెలియకపోతే, కొస బయట ఉన్న మరో రీలు ఇరుసును తిప్పి చూడండి. ఏ వైపు తిప్పితే ఫిలిం లోపలికి పోతుందో అదే.

రెండోది ఏ పనిముట్టూ అక్కర్లేని తడి పట్టీ పద్ధతి. అవసరం లేని పాత ఫిలిం ముక్క ఒకటి తీసుకోవాలి. దాని చివర నాలుగైదు సెంటీమీటర్ల మేర జెలటిన్ వైపు తడి చేయాలి. నీటి బొట్టు వేలాడకూడదు, వేలికి చల్లగా తగిలేంత చెమ్మ చాలు. జెలటిన్ వైపు లోపలికి, అంటే ఇరుసు వైపుకు ఉండేలా ఆ ముక్కను చీలికలోకి దూర్చాలి. తర్వాత ఇరుసును విప్పుకునే దిక్కులో తిప్పితే చుట్ట విచ్చుకుని ఈ ముక్కను గోడకు అదిమి పట్టుకుంటుంది. ఒక నిమిషం ఆగి, ముక్కను నిటారుగా, నిదానంగా లాగాలి. ఒక్కసారికి రాకపోతే కొస ఉన్న చోటు మార్చి మళ్లీ ప్రయత్నించాలి.

ఇందులో పనిచేసేవి రెండు బలాలు. తడిసిన జెలటిన్ ఉబ్బి జిగటగా మారుతుంది. జెలటిన్ అంటే జంతువుల ఎముకలు, తోళ్ల నుంచి తీసే బంక కదా. ఇక రెండు చదునైన ఉపరితలాల మధ్య చిక్కిన పలుచని నీటి పొర వాటిని కలిపి ఉంచుతుంది. తడి గాజు పలకలు రెండింటిని విడదీయాలంటే, వాటి మధ్యకు గాలో నీరో ప్రవహించి రావాలి. సందు సన్నబడేకొద్దీ ఆ ప్రవాహం కష్టమవుతుంది. 1874లో జోసెఫ్ స్టెఫాన్ దీన్ని లెక్కగట్టాడు. ఇలా అంటుకున్న పట్టీలు పొడవు వెంట లాగితే గట్టిగా నిలుస్తాయి, అంచు నుంచి పైకి ఒలిస్తే సులువుగా ఊడిపోతాయి. లాగేటప్పుడు పట్టీని వంచకూడదని చెప్పేది ఇందుకే. తడికి బదులు రెండువైపులా అంటుకునే టేపు వాడేవారూ ఉన్నారు. టేపు చుట్ల మధ్య ఊడి లోపలే ఉండిపోతే మాత్రం అది బొమ్మల మీద బంక వదులుతుంది.

మూడోది చీకటి. కొస తెగిపోయినా, ఫిలిం లోపలే చిక్కుకున్నా డబ్బాను తెరవడమే దారి. ఏ సందునుంచీ వెలుగు రాని గదిలో గానీ, చేతులు దూర్చే రెండు పొరల నల్ల సంచిలో గానీ సీసా మూత తీసే పనిముట్టుతో డబ్బా మూతను లేపి, చుట్టను మొత్తంగా బయటికి తీసి, అక్కడే వెలుగు చొరని తొట్టెలోకి ఎక్కించాలి. ఈ పద్ధతికి కొసతో పనే లేదు. ఫిలింను కడగడమే మన ఉద్దేశమైతే, మిగతా రెండూ కుదరనప్పుడు దీన్ని పట్టుకోవచ్చు.

కొస రాగానే ఆగాలి. నాలుక భాగం కనిపిస్తే చాలు. సగం వాడిన రీలును మళ్లీ ఎక్కించేవారు, కటకానికి మూత పెట్టి, అతి తక్కువ వెలుగు పోయే అమరికలో పాత సంఖ్య దాటి ఒకటి రెండు బొమ్మలదాకా ఖాళీగా నొక్కుకుంటూ పోవాలి.

వెలుగు దొంగదారి, పాలియెస్టర్ మెరుపు

ముఖమల్ గుడ్డ వెలుగును ఆపుతుందని అనుకున్నాం. కానీ వెలుగుకు ఇంకో దారి ఉంది. ఆ దారి ఫిలిమే. గాజు తంతువులో కాంతి లోపలి గోడలకు తగిలి పరావర్తనం చెందుతూ పోయినట్టే, బయట ఉన్న కొస అంచులోంచి ప్రవేశించిన కాంతి పారదర్శకమైన ఆధారపు పొర వెంట లోపలిదాకా ప్రయాణించగలదు. దీన్ని ఆపడానికే చాలా 35 మిల్లీమీటర్ల ఫిలింల ఆధారపు పొరకు లేత బూడిద రంగు వేస్తారు. ఆ రంగు దారిలోనే కాంతిని పీల్చేస్తుంది. రంగు వేయని పాలియెస్టర్ ఆధారం ఉన్న ఫిలింలలో ఈ బెడద ఎక్కువ, మొదటి కొన్ని బొమ్మలు పొగచూరినట్టు అవుతాయి. అందువల్ల ఏ రీలు కొసనైనా నీడపట్టున తీయడం మంచిది.

ఈ పాలియెస్టర్ సూరత్ మగ్గాల మీద నేసే పాలియెస్టర్ కుటుంబానిదే. దారంగా తీస్తే చీర అవుతుంది, పలుచని రేకుగా సాగదీస్తే ఫిలిం ఆధారం అవుతుంది. దాని మంచీ చెడూ రెండుచోట్లా ఒకటే. అది సులువుగా చిరగదు. ట్రైఅసిటేట్ ఫిలిం గట్టిగా లాగితే తెగుతుంది, పాలియెస్టర్ ఫిలిం తెగకుండా కెమెరా పళ్ల చక్రాన్నే దెబ్బతీయవచ్చు. రెండో గుణం స్థిర విద్యుత్తు. పొడి గాలిలో పాలియెస్టర్ చీర విప్పుతుంటే చిటపటమనడం చాలామంది వినే ఉంటారు. నేత షెడ్లలో గాలిని తేమగా ఉంచడానికీ, దారానికి ప్రత్యేక నూనెలు పూయడానికీ ఒక కారణం ఈ విద్యుత్తే. ఫిలింను ముఖమల్ గుడ్డలోంచి విసురుగా లాగినా ఇదే జరుగుతుంది. ఆ నిప్పురవ్వ వెలుగు ఫిలిం మీదే పడుతుంది. కడిగాక చూస్తే కొమ్మలు కొమ్మలుగా చీలిన మెరుపు తీగ బొమ్మకు అడ్డంగా కనిపిస్తుంది. ఫిలిం తయారీదారులు వెనకవైపు స్థిర విద్యుత్తును తగ్గించే పూత వేస్తారు. మిగిలిన జాగ్రత్త మన చేతిలో ఉంది. నిదానంగా లాగడమే ఆ జాగ్రత్త.

ఎప్పుడు ప్రయత్నించకూడదు?

పాత రీలు వేరు. ఏళ్ల తరబడి వంగి ఉన్న ప్లాస్టిక్ ఆ వంపునే తన ఆకారంగా చేసుకుంటుంది. దాని స్ప్రింగ్ గుణం తగ్గుతుంది. కొస గోడకు ఆనదు, టక్కుమనే చప్పుడూ రాదు. చప్పుడు రావడం లేదని అదేపనిగా తిప్పితే గీతలు పడటమే మిగులుతుంది.

వేడి, తేమ ఉన్న చోట ట్రైఅసిటేట్ నెమ్మదిగా విడిపోయి ఎసిటిక్ ఆమ్లాన్ని వదులుతుంది. ఆ ఆమ్లమే ఆ చర్యను ఇంకా వేగం చేస్తుంది. సూరత్‌లాంటి సముద్రతీర నగరాల్లోనూ, మన కోస్తా జిల్లాల్లోనూ ఈ ముప్పు ఎక్కువ. డబ్బాను ముక్కు దగ్గర పెట్టుకుంటే వెనిగర్ వాసన వస్తోందా? అయితే ఫిలిం ముడుచుకుపోయి పెళుసుబారి ఉండవచ్చు. లాగితే విరుగుతుంది. అలాంటి రీలును తడి పట్టీతో అసలే ముట్టకూడదు. పాత రీళ్లు కడిగే అనుభవం ఉన్న ల్యాబుకు డబ్బాతో సహా ఇవ్వాలి.

నీట మునిగిన రీళ్లది మరో కథ. 2006 ఆగస్టులో ఉకాయ్ జలాశయం నుంచి వదిలిన నీటితో తాపీ పొంగి సూరత్‌లో ఎక్కువ భాగం మునిగింది. అలాంటి వరదల్లో తడిసిన రీలును చూడగానే ఎండబెట్టాలనిపిస్తుంది. కానీ తడి జెలటిన్ పక్క చుట్టుకు అంటుకుని ఆరితే రెండూ ఒకటే ముద్దవుతాయి. ఆ తర్వాత కొసను లాగితే ఒక బొమ్మ జెలటిన్ ఇంకో చుట్టు వెనక్కి ఊడి వస్తుంది. తడి పట్టీ పద్ధతిలో మనకు సాయపడ్డ జిగటే ఇక్కడ శత్రువు. అందుకే తడిసిన రీలును ఆరనివ్వకుండా, చల్లని శుభ్రమైన నీటిలోనే ఉంచి వీలైనంత త్వరగా ల్యాబుకు చేర్చాలి.

మీరూ చేసి చూడండి

వీటిని అర్థం చేసుకోవడానికి ఫిలిం రీలే అక్కర్లేదు. ఒక పెన్సిలును గట్టిగా పట్టుకుని దానిమీదుగా దారం వేయండి. ఒక కొసకు తాళంకప్ప, రెండో కొసకు చిన్న బోల్టు కట్టండి. దారాన్ని పెన్సిలుకు ఒక్కో చుట్టు పెంచుతూ పోతే, ఎన్నో చుట్టుకు ఆ చిన్న బోల్టు తాళంకప్పను ఆపగలుగుతుందో చూడండి. గుంజకు చుట్టిన పలుపు లెక్క మీ కళ్ల ముందే ఉంటుంది.

రెండో ప్రయోగానికి బడి ల్యాబులోని రెండు గాజు స్లైడ్లు చాలు. మధ్యలో ఒక నీటి బొట్టు వేసి కలిపి, ముందు పొడవు వెంట జరపండి, తర్వాత నేరుగా విడదీయండి, ఆపైన ఒక అంచు నుంచి ఒలిచినట్టు లేపండి. మూడింటికీ కావాల్సిన బలంలో తేడా గమనించండి.

మూడోది, పుస్తకాలకు వేసే మందపాటి ప్లాస్టిక్ అట్టను పట్టీగా కత్తిరించి పెన్సిలుకు చుట్టి, పక్కన నిలువు చీలిక చేసిన చిన్న ప్లాస్టిక్ డబ్బాలో పెట్టండి. పెన్సిలును తిప్పుతూ, కళ్లు మూసుకుని, కొస చీలికను దాటే చప్పుడు వినండి. పట్టీ పొడవు, మందం మార్చి చప్పుడు ఎలా మారుతుందో రాసుకోండి.

మన దేశంలో ఫిలిం తయారీకి 1960లో ఊటీలో హిందుస్థాన్ ఫొటో ఫిలిమ్స్ ఏర్పడింది. ‘ఇందు’ పేరుతో ఆ ఫిలిం ఊరూరా స్టూడియోలకు చేరేది. ఆ కర్మాగారం ఇప్పుడు మూతబడింది, ఫిలిం కడిగే ల్యాబులు కూడా వేళ్ల మీద లెక్కపెట్టేంతగా తగ్గాయి. గుప్త బింబం కూడా ఎప్పటికీ నిలిచేది కాదు. వేడికీ తేమకూ ఏటేటా కొంత చెరిగిపోతూనే ఉంటుంది. ఇంట్లో బీరువా అడుగున కొస కనిపించని రీలు ఒకటి దొరికితే దాన్ని ఖాళీ డబ్బా అనుకుని పారేయకండి, ఏముందో చూద్దామని తెరవకండి. ముందు వాసన చూడండి, ఇరుసును కొద్దిగా తిప్పి లోపల బరువూ చప్పుడూ గమనించండి. వెనిగర్ వాసన లేక, చుట్ట వదులుగా తిరుగుతూ టక్కుమంటే కొసను బయటికి తీయవచ్చు. లేదంటే కొసను వెతక్కుండా డబ్బాను అలాగే చల్లని, పొడి చోట ఉంచి, ఆలస్యం చేయకుండా కడిగించండి.